షుగర్ మూడు నెలల లెక్క: హెచ్‌బీఏ1సీ నంబర్ వెనుక ఉన్న తూకం కథ

షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. అమ్మీదో, అబ్బాదో, దాదీదో. అందులో ల్యాబ్ రిపోర్టులు, పాత ప్రిస్క్రిప్షన్లు, ఎప్పటిదో ఒక ఈసీజీ. డాక్టర్ ఆ ఫైలు తెరిచి ముందుగా చూసేది ఒకే ఒక్క లైను: హెచ్‌బీఏ1సీ. అది 6.4 ఉంటే మొహంలో ఒక రకం, 8.2 ఉంటే ఇంకో రకం. ఆ ఒక్క అంకె మీదే మాత్ర పెరగాలా, ఇన్సులిన్ మొదలుపెట్టాలా, ఇంట్లో బిర్యానీ వాసన వచ్చినప్పుడు ఎవరి ప్లేటు చిన్నది చేయాలా అన్నదంతా ఆధారపడుతుంది.

ఒకే మనిషి, ఒకే వారంలో, రెండు ల్యాబుల్లో పరీక్ష చేయించుకుంటే రెండు అంకెలు రావడం కూడా చాలామందికి అనుభవమే. ఏది నిజం అని అడిగితే కౌంటర్లో కూర్చున్న అబ్బాయి దగ్గర జవాబు ఉండదు. జవాబు ఉన్న చోటు వేరే. ప్రపంచంలో కొన్ని ప్రత్యేక ల్యాబుల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉంటుంది. అది అణువులను తూచే తక్కెడ. మన గల్లీ ల్యాబ్ మెషీన్లు చెప్పే అంకె చివరికి ఆ తక్కెడకే లెక్క అప్పజెప్పాలి.

రక్తకణంలో రాసుకునే పద్దు

గ్లూకోమీటర్‌తో వేలి మీద గుచ్చి చూసేది ఆ క్షణంలో రక్తంలో ఉన్న చక్కెర. బ్యాంకు భాషలో చెప్పాలంటే అది ఈ రోజు బ్యాలెన్స్. టెస్టుకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే ఆ బ్యాలెన్స్ బాగానే కనిపిస్తుంది. చాలామంది పెద్దవాళ్లు చేసేదీ అదే, పిల్లలకు తెలియదనుకుంటారు. హెచ్‌బీఏ1సీ అలా మోసపోదు. అది మూడు నెలల సగటు బ్యాలెన్స్ లాంటిది.

ఆ సగటు ఎక్కడ నమోదవుతుందంటే ఎర్ర రక్తకణంలోనే. ఒక్కో ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ మోసేది ఈ ప్రొటీనే. రక్తంలోని గ్లూకోజ్ ఎర్రకణంలోకి వెళ్లి, హిమోగ్లోబిన్ అణువుకు మెల్లగా అతుక్కుంటుంది. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఎంజైమ్ కూడా అవసరం లేదు. పాకం గిన్నె పక్కన పెట్టిన చెంచా జిగురు పట్టినట్టు దానంతట అదే జరుగుతుంది. చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ అతుకుతుంది. మొదట్లో ఆ అతుకు వదులుగా ఉంటుంది, ఊడిపోవచ్చు కూడా. కొంతసేపటికి అది గట్టిపడితే ఇక ఆ కణం బతికినన్నాళ్లూ పోదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఈ పద్దు రెండు మూడు నెలల వెనక్కి చూపిస్తుంది. అయితే మూడు నెలలకూ సమాన వాటా ఉండదు. ఆఖరి నెల వాటా దాదాపు సగం.

ప్రొటీన్ తయారైన తర్వాత దానికి ఏదైనా అతుక్కుని రూపం మారితే సైన్సులో దాన్ని మార్పు చెందిన ప్రొటీన్ అంటారు. హెచ్‌బీఏ1సీ అచ్చంగా అదే, చక్కెర అంటిన హిమోగ్లోబిన్.

టెహ్రాన్‌లో కనిపించిన గీత

దీనికి షుగర్ జబ్బుతో సంబంధం ఉందని గమనించింది అమెరికాలోనో, యూరప్‌లోనో కాదు, ఇరాన్‌లో. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే సామ్యూల్ రహ్బర్ అసాధారణ హిమోగ్లోబిన్ల కోసం రోగుల రక్తాన్ని పరీక్షిస్తుండేవారు. జెల్ మీద కరెంటు పెట్టి ప్రొటీన్లను పరుగెత్తిస్తే ఒక్కో రకం ఒక్కో చోట గీతగా ఆగుతుంది. కొంతమంది రక్తంలో మామూలుగా కనిపించని ఒక గీత, మిగతా వాటికంటే కాస్త ముందుకు పరుగెత్తింది. ఆ మనుషులెవరా అని చూస్తే షుగర్ రోగులు. 1968లో ఆయన ఆ సంగతి ప్రచురించారు. తర్వాత న్యూయార్క్‌లో హెలెన్ రానీ ల్యాబులో పనిచేసి, అది అప్పటికే రసాయన శాస్త్రవేత్తలకు పేరుతో తెలిసిన హెచ్‌బీఏ1సీయే అని నిర్ధారించుకున్నారు. ఇవాళ కోట్ల మంది చేయించుకునే పరీక్షకు మొదలు ఆ గీతే. ఆయన పేరు మాత్రం మన పాఠ్య పుస్తకాల్లో పెద్దగా కనబడదు.

పరీక్ష ప్రపంచమంతా పాకింది గానీ, తూకం కుదరలేదు. ఒక్కో కంపెనీ మెషీన్ ఒక్కో పద్ధతిలో కొలిచేది. ఒకరి 7 ఇంకొకరి 8. బజార్లో ఒక్కో దుకాణంలో కిలో రాయి ఒక్కో బరువుంటే ఎలా ఉంటుందో అలా. దుకాణాల విషయంలో తూనికలు కొలతల శాఖ వచ్చి రాళ్లకు ముద్ర వేస్తుంది. కానీ ఆ శాఖ దగ్గర కూడా ఒక అసలు రాయి ఉండాలి కదా. హెచ్‌బీఏ1సీకి ఆ అసలు రాయి చాలాకాలం లేదు. 1990లలో అమెరికా ముందుగా ఒక తాత్కాలిక ఏర్పాటు చేసింది. ఒక పెద్ద షుగర్ అధ్యయనంలో వాడిన మెషీన్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతా కంపెనీలన్నీ దానికి సరిపెట్టాలన్నారు. గందరగోళం చాలావరకు తగ్గింది. కానీ ఆ మెషీన్ చెప్పేదే అసలు నిజమా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

అణువును ఎలా తూస్తారు

మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పళ్లెం ఉండదు. అణువుకు విద్యుత్ ఆవేశం ఎక్కించి, గాలి లేని గొట్టంలోకి పంపిస్తారు. విద్యుత్ క్షేత్రంలో బరువున్నది ఒకలా, తేలికైనది ఒకలా కదులుతుంది. ఆ కదలికను బట్టి బరువు తేలుస్తారు. ఈ ఆలోచన వందేళ్ల నాటిది. బ్రిటన్‌లో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఇలాంటి పరికరంతో మూలకాలను తూచి, 1922లో నోబెల్ అందుకున్నారు.

ప్రొటీన్ల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. అంత పెద్ద అణువును ఆవిరిగా మార్చి ఎగరేయాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే గుడ్డులా ఉడికిపోతుంది. 1980లలో రెండు దారులు దొరికాయి. అమెరికాలో జాన్ ఫెన్ ప్రొటీన్ కలిసిన నీటిని సన్నని సూది చివర నుంచి అధిక వోల్టేజీతో తుంపరగా చిమ్మించారు. తుంపర ఆరిపోతే ఆవేశంతో ఉన్న ప్రొటీన్ గాల్లో మిగులుతుంది. జపాన్‌లో షిమాజు కంపెనీ ఇంజనీర్ కోయిచి తనాకా లేజర్ దారి పట్టారు. ఒకరోజు పొరపాటున కోబాల్ట్ పొడిలో గ్లిజరిన్ కలిపేశారు. ఖరీదైన పొడి పారేయడం ఎందుకని అదే వాడితే ప్రొటీన్ చెక్కుచెదరకుండా ఎగిరింది. ఇద్దరికీ 2002 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా వచ్చింది. తనాకాకు పీహెచ్‌డీ లేదు, మామూలు ఇంజనీరింగ్ డిగ్రీయే. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ ముక్క చెప్పుకోదగ్గదే.

ఇక మన హిమోగ్లోబిన్ సంగతి. దీనిలో నాలుగు గొలుసులు ఉంటాయి: రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసు అంటే 146 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. దాని బరువు 15,867 డాల్టన్లు. డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు. గ్లూకోజ్ బరువు 180. అది అతుక్కునేటప్పుడు ఒక నీటి అణువు, అంటే 18, బయటికి పోతుంది. మిగిలేది 162. కాబట్టి చక్కెర అంటిన బీటా గొలుసు 16,029 తూగాలి. తక్కెడ మీద ఈ రెండూ వేర్వేరు చోట్ల కనిపిస్తాయి.

ఇంత సులువైతే పని అయిపోయినట్టే. కానీ ఇక్కడే అసలు మెలిక. చక్కెర ఆ దండలో ఒకే చోట అంటుకోదు. మొదటి పూసకు అంటుకుంటే దాని పేరు హెచ్‌బీఏ1సీ. మధ్యలో లైసీన్ అనే పూసలకు అంటుకున్నా పెరిగేది అదే 162. మొత్తం దండను తూస్తే చక్కెర అంటిందని తెలుస్తుంది, ఎక్కడ అంటిందో తెలియదు. మూట కట్టిన బరువు చూసి లోపల ఏ చీర ఉందో చెప్పలేం కదా.

అందుకే దండను కోస్తారు. ముందు ఎర్రకణాలను కడిగి, ఉప్పు ద్రావణంలో కొంతసేపు ఉంచుతారు. వదులుగా అతుక్కున్న చక్కెర ఊడిపోతుంది. ఇది చేయకపోతే తక్కెడకు వదులుదేదో గట్టిదేదో తేడా తెలియదు, రెండింటి బరువూ ఒకటే. తర్వాత కణాలను పగలగొట్టి, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన ఒక ఎంజైమ్ కలిపి రాత్రంతా ఉంచుతారు. ఈ ఎంజైమ్‌కు ఒకటే అలవాటు. గ్లుటామిక్ ఆమ్లం అనే పూస కనిపిస్తే దాని తర్వాత కత్తిరిస్తుంది. బీటా గొలుసులో అలాంటి మొదటి పూస ఆరో స్థానంలో ఉంది. కాబట్టి దండ మొదటి ఆరు పూసల ముక్క విడిగా ఊడి వస్తుంది. చక్కెర అంటనిది అయితే ఆ ముక్క బరువు 694, అంటినదైతే 856.

యంత్రంలో ఈ ముక్కలు రెండేసి ప్రోటాన్లు తగిలించుకుని ఎగురుతాయి. యంత్రం చూసేది బరువును ఆవేశంతో భాగించిన విలువ. 694కు రెండు ప్రోటాన్లు కలిపితే 696, రెండుతో భాగిస్తే 348. రెండోదానికి 856కు రెండు కలిపితే 858, సగం చేస్తే 429. నాలుగు లోహపు కడ్డీల మధ్య వోల్టేజీని సర్దుతూ యంత్రం ఒకసారి 348 వాళ్లను, ఒకసారి 429 వాళ్లను మాత్రమే దాటనిచ్చి లెక్కిస్తుంది. మొత్తం హిమోగ్లోబిన్ ముక్కల్లో 429 వాటా ఎంతో, అదే హెచ్‌బీఏ1సీ.

నిజానికి ఇక్కడ కూడా నేరుగా లెక్క వేస్తే తప్పు వస్తుంది. చక్కెర అంటిన ముక్క, అంటని ముక్క రెండూ ఒకే సులువుతో ఎగరవు. అందుకని శుద్ధి చేసిన హెచ్‌బీఏ1సీని, చక్కెర అంటని శుద్ధ హిమోగ్లోబిన్‌ను తెలిసిన పాళ్లలో కలిపి, ముందు ఆ మిశ్రమాలను యంత్రంలో పెట్టి చూస్తారు. ఆ తెలిసిన లెక్కతో రోగి లెక్కను పోల్చుతారు. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య, అంటే ఐఎఫ్‌సీసీ, ఈ పద్ధతిని 2002లో అసలు రాయిగా ప్రకటించింది. ముక్కలను లెక్కించడానికి మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక దారి, కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పద్ధతి ఇంకో దారి, రెండూ ఆమోదించినవే. కొన్ని దేశాల్లోని రిఫరెన్స్ ల్యాబులు ఈ పని చేస్తాయి. కంపెనీలు తమ మెషీన్లను వాటికి సరిపెట్టుకుంటాయి.

6.5 అసలు 4.8

అసలు రాయి వచ్చాక ఒక ఇబ్బందికరమైన విషయం బయటపడింది. పాత మెషీన్లు 6.5 శాతం అని చెప్పిన రక్తంలో నిజంగా చక్కెర అంటిన మొదటి పూసలు 4.8 శాతమే ఉన్నాయి. పాత పద్ధతి ఇంకేవేవో అణువులను కూడా కలిపి లెక్కేసేది.

మరి అంకెలన్నీ మార్చేయాలి కదా? భయం అక్కడే. 7 కింద ఉంచుకోండి అని ఏళ్ల తరబడి రోగులకు నేర్పారు. ఒక్కసారిగా అందరి రిపోర్టులో 5 వస్తే జనం షుగర్ తగ్గిందనుకుని మాత్రలు మానేస్తారేమోనని డాక్టర్లు వద్దన్నారు. చివరికి రాజీ కుదిరింది. కొత్త లెక్కను శాతంలో కాకుండా వెయ్యికి ఎన్ని అన్న పద్ధతిలో, మిల్లీమోల్ పర్ మోల్ అని రాయాలన్నారు. పాత 6.5 శాతం కొత్తగా 48, పాత 7 కొత్తగా 53, పాత 8 కొత్తగా 64. బ్రిటన్ ఈ కొత్త అంకెకు మారిపోయింది. మన దగ్గర శాతమే నడుస్తోంది. లండన్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న కొడుకు ఫోన్లో తన షుగర్ 53 అని చెబితే ఇక్కడ అమ్మీ గుండె పట్టుకోనక్కర్లేదు. అది మన 7.

వేలి పరీక్ష అంకెతో పోల్చాలంటే, 6 శాతం అంటే సగటు చక్కెర 126, 7 అంటే 154, 8 అంటే 183, 9 అంటే 212. ఇది సగటు మాత్రమే. పగలు 60, రాత్రి 250 ఉన్న మనిషికీ, రోజంతా 155 ఉన్న మనిషికీ ఒకే హెచ్‌బీఏ1సీ రావచ్చు.

తూకం సరైనదే, అర్థం తప్పొచ్చు

అన్నిటికంటే ఇళ్లలో తెలియాల్సింది ఇదే. మాస్ స్పెక్ట్రోమీటర్ ఎంత ఖచ్చితంగా తూచినా, అది తూచేది చక్కెర అంటిన హిమోగ్లోబిన్ వాటాను. రక్తంలో చక్కెరను కాదు. మధ్యలో ఎర్రకణం ఆయుష్షు అనే సంగతి ఉంది. ఆ ఆయుష్షు తేడా వస్తే ప్రపంచంలోని అత్యుత్తమ తక్కెడ కూడా తప్పుదారి పట్టించవచ్చు.

కణాలు త్వరగా చనిపోయే జబ్బులుంటే, ఈమధ్య రక్తస్రావం జరిగినా, రక్తం ఎక్కించినా, కొత్త కణాల వాటా పెరుగుతుంది. వాటికి చక్కెర అంటుకునే టైమే ఉండదు. షుగర్ ఎక్కువున్నా హెచ్‌బీఏ1సీ తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో తరచూ దీనికి రివర్స్, అంకె కాస్త పైకి పోతుంది. కొత్త కణాలు సరిగా తయారుకాక పాత కణాలే ఎక్కువగా మిగలడం దీనికి ఒక కారణంగా చెప్తారు. ఐరన్ మాత్రలు మొదలుపెడితే మళ్లీ దిగుతుంది, తిండిలో ఏ మార్పూ లేకుండానే. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తేల్చింది. షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. ఈ రెండు గుంపులూ ఎన్ని ఇళ్లలో కలుస్తాయో ఊహించుకోవచ్చు. అయినా హిమోగ్లోబిన్ రిపోర్టు, హెచ్‌బీఏ1సీ రిపోర్టు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు తక్కువ.

గర్భిణుల విషయంలో ఎర్రకణాల తీరే మారిపోతుంది. అందుకే గర్భంలో వచ్చే షుగర్ పట్టుకోవడానికి గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్షే వాడతారు. వాంతి వచ్చేలా ఉందని దాన్ని తప్పించి హెచ్‌బీఏ1సీతో సరిపెట్టమని కోడలి తరఫున బతిమాలే అత్తలున్నారు. అలా కుదరదు.

ఇంకో రకం తేడా పుట్టుకతో వచ్చేది. సికిల్ సెల్ మార్పులో బీటా గొలుసు ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ వస్తుంది. ఎంజైమ్ కత్తిరించాల్సిన చోటే ఆ పూస లేదు. కాబట్టి ఏడో పూస దగ్గర కత్తిరిస్తుంది, 694 ముక్కే రాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ జన్యువు వచ్చినవాళ్లలో మామూలు హిమోగ్లోబిన్ ఉండదు. ఉండనప్పుడు హెచ్‌బీఏ1సీ అనేదీ ఉండదు, రిపోర్టులో ఏ అంకె వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. ఈశాన్య రాష్ట్రాలు, బెంగాల్ వైపు హిమోగ్లోబిన్ ఇ ఎక్కువ. కొన్ని ల్యాబ్ మెషీన్లు వీటిని పసిగట్టి రిపోర్టు గ్రాఫులో వేరియంట్ అని రాస్తాయి. ఆ చిన్న మాటను చదవకుండా పెద్ద అంకెనే చూసుకుని ఫైలు మూసేస్తే నష్టం.

ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు ఫ్రక్టోసమైన్ లేదా గ్లైకేటెడ్ ఆల్బుమిన్ రాస్తారు. అవి రక్తకణాన్ని కాకుండా రక్తద్రవంలోని ప్రొటీన్‌కు అంటిన చక్కెరను చూస్తాయి, రెండు మూడు వారాల లెక్క చెప్తాయి. లేదంటే గ్లూకోమీటర్ డైరీయే దిక్కు.

రంజాన్ దగ్గర పడుతున్నప్పుడు ఈ అంకెకు ఇంకా బరువొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు రోజాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఎవరికి ఎంత రిస్కు అన్న లెక్కలో హెచ్‌బీఏ1సీ ఒక భాగం. ఒక్కటే కాదు, కిడ్నీల పరిస్థితి, వాడే మందులు, ఇంతకుముందు షుగర్ పడిపోయిందా లేదా అన్నవీ ఉంటాయి. రక్తహీనత సంగతి దాస్తే ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఈద్ మర్నాడు చేయించిన పరీక్ష రంజాన్ నెలది మాత్రమే చెప్పదు. సగం రంజాన్‌ది, సగం అంతకుముందుది. షీర్ ఖుర్మా నింద దాని మీద వేయడం కూడా అన్యాయమే, ఒక్క రోజు తీపి ఈ అంకెను కదిలించలేదు.

చక్కెరే కాదు

హిమోగ్లోబిన్ కథ సులువుగా కుదరడానికి ఒక కారణం అది ఎర్రకణం నిండా ఉండటం. మిగతా కణాల్లో ప్రొటీన్లకు ఫాస్ఫేట్, ఎసిటైల్, మిథైల్ లాంటివి అతుక్కుని ఊడుతుంటాయి. ఫాస్ఫేట్ అంటితే బరువు 80 పెరుగుతుంది, ఎసిటైల్‌కు 42, మిథైల్‌కు 14. ఇవి గ్లూకోజ్ లాగా వాటంతట అవి అంటుకునేవి కావు. కణం ఎంజైముల ద్వారా కావాలని పెట్టి తీసే స్విచ్చులు. క్యాన్సర్లలో చాలావాటికి మూలం ఇలాంటి స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోవడమే. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర ఫాస్ఫేట్ పెట్టే ఒక ఎంజైమ్‌నే ఆపుతుంది.

వీటిని తూచడం కష్టం. ఫాస్ఫేట్ అంటిన ముక్క వేల మామూలు ముక్కల మధ్య ఒకటి ఉండొచ్చు. ముందు టైటానియం డయాక్సైడ్ పూసల మీద పోసి ఫాస్ఫేట్ ఉన్నవాటిని మాత్రం పట్టుకుంటారు, ఆ తర్వాతే తూకం. మందు వేసిన కణాలకూ, వేయనివాటికీ తేడా చూడాలంటే ఒక గుంపుకు మామూలు లైసీన్, ఇంకో గుంపుకు కార్బన్–13తో చేసిన బరువైన లైసీన్ తినిపించి పెంచుతారు. తర్వాత రెండింటినీ కలిపేసినా తక్కెడ మీద ఎవరి ముక్క ఎవరిదో బరువును బట్టే విడిపోతుంది. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో ప్రొటీన్లను ఇలా తూచే యంత్రాలు ఉన్నాయి.

గల్లీ ల్యాబులో మాత్రం మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అక్కడ చూడాల్సింది వేరే. రిపోర్టులో అంకె కింద చిన్న అక్షరాల్లో పద్ధతి పేరు ఉంటుంది, హెచ్‌పీఎల్‌సీ అనో, ఇమ్యునోఅస్సే అనో. మెషీన్ అంతర్జాతీయ ప్రమాణానికి సరిపెట్టిందా అన్నది కొన్ని ల్యాబులు అక్కడే రాస్తాయి, రాయకపోతే అడగొచ్చు. పోయినసారి 7.4, ఈసారి 7.1 అని వస్తే సంబరపడే ముందు రెండుసార్లూ ఒకే ల్యాబా, ఒకే పద్ధతా అని చూసుకోవాలి. ఈ పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పని కూడా లేదు, నాష్తా చేసి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టుతో పాటు హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా ఆ ఫైల్లో పెట్టుకోవాలి. ఐరన్ మాత్రలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడైనా రక్తం ఎక్కించారేమో తేదీతో సహా ఒక కాగితం మీద రాసిస్తే డాక్టర్‌కు చాలా పని తగ్గుతుంది.